పెళ్ళికొడుకు కుర్చీలో భోజనం

ఆ శిబిరం నడిచినన్నాళ్ళూ నేను రెండు పూటలా పెళ్ళికొడుకు కుర్చీలో కూర్చుని ఒంటరిగా అన్నం తిన్నాను. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మొఘల్‌పురాలో ఒక ఫంక్షన్ హాలు అది. ఆ ఏడు ఆషాఢమూ మొహర్రమూ కలిసి వచ్చాయి. ఇటు హిందువులకూ పెళ్ళిళ్ళు లేవు, అటు ముస్లింలకూ లేవు. పాతబస్తీలో హాళ్ళన్నీ తాళాలు వేసుకుని కూర్చున్నాయి. మన దేశపు రగ్బీ జట్టుకు పెద్ద టోర్నమెంటు ముందు శిబిరం పెట్టాలి, నడిచి వెళ్ళేంత దూరంలో మైదానం ఉండాలి, ఖర్చు తక్కువ కావాలి. రగ్బీ సంఘం వాళ్ళకు ఇంతకంటే మంచి బేరం ఎక్కడా తగల్లేదు. పెళ్ళివారు విడిది చేసే గదుల్లో ఆటగాళ్ళు పడుకున్నారు. హాల్లో వరసగా వేసిన బల్లల దగ్గర కూర్చుని తిన్నారు. ఆ బల్లల దగ్గర నాకు మాత్రం చోటు లేదు.

నేను సెలెక్టర్‌ని. సెలెక్టర్ ఆటగాళ్ళతో కలిసి తినకూడదన్నది మా దగ్గర గట్టి నియమం. ఎప్పుడో ఎవరో ఒక సెలెక్టర్ ఒక కుర్రాడి ఇంట్లో దావత్ తిన్నాడట, ఆ వెంటనే ఆ కుర్రాడి పేరు జట్టులో వచ్చిందట, పెద్ద గొడవయింది. అప్పటి నుంచి భోజనమే కాదు, టీ కూడా కలిసి తాగకూడదు. మామూలు శిబిరాల్లో నాకు విడిగా ఒక గది ఇచ్చేవారు. ఇక్కడ విడిగా అంటే హాలు చివరనున్న వేదిక ఒక్కటే. దాని మీద బంగారు రంగు పూసి, ఎర్ర మఖమల్ తొడిగిన రెండు సింహాసనాలు ఉన్నాయి. ఒకదాంట్లో నేను కూర్చునేవాణ్ణి, రెండోది ఖాళీ. ఒళ్ళో కంచం పెట్టుకుని, కింద ఇరవై మంది కుర్రాళ్ళు నవ్వుకుంటూ, ఒకరి కంచంలోంచి ఒకరు లాక్కుంటూ తినడం చూసేవాణ్ణి.

హాలు వాచ్‌మన్ ఒక ముసలాయన. నీళ్ళ జగ్గు తెచ్చిన ప్రతిసారీ వేదిక మెట్ల దగ్గర ఆగి, "క్యా దుల్హే మియా, దుల్హన్ కిధర్ హై?" అని పెళ్ళికూతురి ఆచూకీ అడిగేవాడు. నేను పెళ్ళి చేసుకోని మనిషినని ఆయనకు మొదట తెలియదు. తెలిశాక ఇంకాస్త ఎక్కువగా అడిగాడు.

రేపు మీలో కొందరు మనుషుల్ని ఎంచే పనిలో ఉంటారు. ఆటలో కాకపోతే ఆఫీసులో, ఆఫీసులో కాకపోతే ఇంకెక్కడో. ఆ పనిలో జీతం ఎంత, గౌరవం ఎంత అన్నవి అందరూ చెబుతారు. అన్నం ఎవరితో తింటారన్నది ఎవరూ చెప్పరు. అందుకని ఇది రాస్తున్నాను.

నేను ఉప్పుగూడ వాణ్ణి. ఒక ప్రభుత్వరంగ కార్ఖానాలో ఆటగాళ్ళ కోటాలో గుమాస్తాగా చేరాను. మధ్యలో రెండు ప్రమోషన్లు వచ్చాయి గానీ బల్ల మారలేదు. రగ్బీ ఆడతానంటే మా గల్లీలో అర్థమయ్యేది కాదు. "కోడిగుడ్డు బంతాట" అనేవారు. ఆడటం అయిపోయాక రెఫరీగా తిరిగాను, తర్వాత సెలెక్టర్‌ని అయ్యాను. ఏటా కొన్ని వారాలు కార్ఖానా వాళ్ళు నన్ను ఆ పనికి వదిలిపెట్టేవారు. ఇప్పుడు చెబుతున్నది ఉద్యోగ విరమణకు కాస్త ముందు నేను చూసిన ఆఖరి శిబిరం సంగతి.

వయసులో ఉన్నప్పుడు నన్ను రాష్ట్ర జట్టు నుంచి తీసేశారు. కాగితం గోడకు అంటించి సెలెక్టర్లు జీపెక్కి వెళ్ళిపోయారు. నేను ఆ కాగితాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాను. ఎందుకు తీసేశారో ఆనాడు ఎవరూ చెప్పలేదు, ఈనాటికీ తెలియదు. అందుకే ఈ పనిలోకి వచ్చాక ఒక పట్టుదల పెట్టుకున్నాను. జట్టులోంచి తీసేసినవాడికి కాగితం కంటే ముందు నేను ఎదురుగా కూర్చుని కారణం చెప్పాలి. తోటి సెలెక్టర్లు దీన్ని నా పిచ్చిగా లెక్కేసి, చెడ్డ కబురు చెప్పే పని ఎప్పుడూ నాకే వదిలేసేవారు. ఈ శిబిరానికి కూడా నన్ను ఒక్కణ్ణే పంపి, "నువ్వు చూసి చెప్పు, మేం సంతకం పెడతాం" అన్నారు.

చేయాల్సిన పని వినడానికి చిన్నదే. ఏడుగురు ఆడే రగ్బీ అది. ఇరవై మందిలో పన్నెండు మందిని ఎంచాలి, వాళ్ళకు నాయకుడెవరో చెప్పాలి. ఒక్కో సగం ఏడే నిమిషాలు. ఏడు నిమిషాలేనా అని తేలిగ్గా తీసుకోకండి. పదిహేను మంది ఆడే అంత మైదానంలో ఏడుగురు పరుగెత్తాలి. అదీ రోజుకు రెండు మూడు మ్యాచ్‌లు. పన్నెండు మందిలో ఉత్తినే కూర్చోబెట్టుకునేవాడు ఒక్కడు కూడా ఉండడానికి వీల్లేదు.

కెప్టెన్ అప్పటికే ఉన్నాడు. పురానాపూల్ కుర్రాడు. కుర్రాడంటున్నాను గానీ ముప్పై దాటాయి. తండ్రి బేగంబజారులో మూటలు మోసే హమాలీ. అతని భుజాలు చూస్తే ఆ సంగతి చెప్పక్కర్లేదు. ఎన్నో ఏళ్ళుగా ఈ జట్టు చిన్నాచితకా పోటీల్లోనే ఆడింది. ఇంత పెద్ద టోర్నమెంటులో అడుగుపెట్టడం ఇదే మొదటిసారి. కెప్టెన్‌కు ఇదే మొదటిది, ఇదే చివరిది కూడా. అది అతనికీ తెలుసు, జట్టుకంతటికీ తెలుసు.

రగ్బీలో నాయకుణ్ణి చూడాల్సిన చోటు ఒకటుంది. ఎదుటివాళ్ళు మన గీత దాటి బంతిని నేలకు ఆనించి స్కోరు చేశాక, మనవాళ్ళంతా గోల్‌పోస్టుల కింద గుమిగూడతారు. అలసట, కోపం, అవమానం అన్నీ అక్కడే బయటపడతాయి. అక్కడ తిట్టుకోని జట్లను నేను చాలా తక్కువ చూశాను. ఈ కెప్టెన్ ఏం చేసేవాడంటే, తప్పు చేసినవాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని వాడి బూటు లేసు విప్పి మళ్ళీ కట్టేవాడు. లేసు ఊడి ఉన్నా లేకున్నా సరే. వంచిన తల ఎత్తకుండానే రెండు మాటలు చెప్పి, బూటు మీద ఒక్క చరుపు చరిచి లేచేవాడు. ఆ తర్వాత వాణ్ణి తిట్టే ధైర్యం ఎవరికుంటుంది? నాకు ముచ్చటేసింది. నాయకత్వం కింద ఇతని పేరు రాసేసి ఇక మిగతావాళ్ళను చూసుకుందామనుకున్నాను.

ఇబ్బంది ఇంకొకడితో వచ్చింది. జట్టులో అందరికంటే చిన్నవాడు ఒడిశా నుంచి వచ్చాడు. కెప్టెన్ వాణ్ణి "చిన్నోడా" అని పిలిచేవాడు. తెలుగు రాకపోయినా ఆ ఒక్క పిలుపుకు వాడు పలికేవాడు. జింక లెక్క పరుగెత్తేవాడు గానీ మ్యాచ్ ఆఖరి రెండు నిమిషాల్లో చచ్చుబడిపోయేవాడు. దూరదేశం నుంచి వచ్చిన మా కోచ్ ఆటగాళ్ళ వీపుకు ఒక చిన్న యంత్రం కట్టేవాడు. ఎవడు ఎంత పరుగెత్తిందీ, ఎక్కడ నీరసపడిందీ అది లెక్క చెబుతుంది. ప్రతి సాయంత్రం తన కంప్యూటర్ నా ముందు పెట్టి, చిన్నవాడి గీత చివరికొచ్చేసరికి ఎలా పడిపోతోందో చూపించేవాడు. ఇలాంటివాణ్ణి టోర్నమెంటుకు తీసుకెళ్ళలేమన్నాడు. నేనూ సరేనన్నాను. తీసేయాల్సిన వాళ్ళలో వాడి పేరు రాసుకున్నాను కూడా.

రోజూ మ్యాచ్‌లు పెట్టేవాళ్ళం. నేను మైదానం మధ్య గీత దగ్గర, సైడున, కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. సెలెక్టర్లందరూ అక్కడే కూర్చుంటారు. అక్కడి నుంచి అంతా బాగా కనిపిస్తుందని ఇన్నేళ్ళూ నమ్మాను. కానీ ఇది పాతబస్తీ కదా. మనవాడు దేశానికి కెప్టెనంటూ పురానాపూల్ నుంచి, బేగంబజారు నుంచి పెద్దమనుషులు గుంపులుగా రావడం మొదలుపెట్టారు. దుకాణాల సేఠ్‌లు కూడా వచ్చారు. నా పక్కన కుర్చీలు వేసుకునేవారు.

"సార్, మన పిలగాడే కద కెప్టెన్? ఇంకేం జూస్తున్నరు, రాసెయ్యుండ్రి" అని ఒకాయన అంటాడు.

"ఉప్పుగూడ, పురానాపూల్ ఎంత దూరమని. మీరు మనోల్లే కద" అని ఇంకొకాయన చాయ్ అందిస్తాడు.

ఆ చాయ్ తాగకూడదు, వద్దంటే వాళ్ళకు కోపం. రెండు రోజులు చూసి, ఇక పడలేక, కుర్చీ ఎత్తుకుని పోస్టుల వెనక గోడ వారకు పోయాను. అక్కడెవరూ కూర్చోరు. అక్కడి నుంచి చూస్తే బంతి సరిగా కనిపించదు, ఎవడు ఎవణ్ణి పట్టాడో తెలియదు. ముసురు పడుతుంటే గొడుగు కింద ఒక్కణ్ణే కూర్చున్నాను. మనుషులకు దూరంగా పోవడానికి పోయానే తప్ప నాకు అంతకుమించి ఏ తెలివీ లేదు.

కానీ పోస్టుల వెనక నుంచి ఒకటి కనిపిస్తుంది. అడ్డంగా వరస కట్టి నిలబడ్డ ఏడుగురి మధ్య ఖాళీలు కనిపిస్తాయి. పక్క నుంచి చూస్తే ఆ వరస ఒకే గీత. వెనక నుంచి చూస్తే పళ్ళ సందుల్లా విడివిడిగా ఉంటుంది.

కెప్టెన్ ఎడమ పక్కన ఒక సందు తెరుచుకుంటోంది. ఎదురుగా వచ్చినవాణ్ణి అతను గోడలా ఆపేస్తున్నాడు, కుడివైపు వచ్చినవాణ్ణి వదలడం లేదు. ఎడమ వైపు ఎవడైనా తిరిగితే మాత్రం అతని కాలు ఆలస్యంగా తిరుగుతోంది. కానీ ఆ సందులోంచి ఎవడూ పోలేదు. ఎందుకంటే సందు తెరుచుకోకముందే చిన్నవాడు అక్కడికి చేరుకుంటున్నాడు. నిజానికి వాడి చోటు మధ్యలో. తన పని తాను చేసి, వెనక నుంచి చుట్టు తిరిగి కెప్టెన్ ఎడమకు పరుగెత్తి, మళ్ళీ తన చోటికి వచ్చేస్తున్నాడు. వాడు అటు పోగానే మిగతా ఐదుగురూ ఒక్కో అడుగు జరిగి వాడి చోటు మూస్తున్నారు. ఎవడూ నోరెత్తడం లేదు, ఎవడూ సైగ కూడా చేయడం లేదు.

వాళ్ళు కెప్టెన్‌ను దాస్తున్నారు. కోచ్ నుంచి, యంత్రం నుంచి, నా నుంచి. అతని కాలు పోయిందని ఎవరికీ తెలియకుండా అతని పరుగు కూడా తామే పరుగెత్తుతున్నారు. ఇద్దరి పరుగు ఒక్కడే పరుగెత్తితే ఆఖరి రెండు నిమిషాల్లో ఎవడైనా చచ్చుబడిపోతాడు. నేను ఆ కుర్రాణ్ణే తీసేయబోయాను.

అనుమానం తీర్చుకోవడానికి మర్నాడు ఒక మ్యాచ్‌లో కెప్టెన్‌ను పక్కన కూర్చోబెట్టాను. చిన్నవాడు ఆఖరి నిమిషం దాకా మొదటి నిమిషంలా ఆడాడు. మ్యాచ్ అయ్యాక వాణ్ణి పిలిచి, రోజూ ఎడమ పక్కకు ఎందుకంత పరుగని హిందీలో అడిగాను.

"వో మేరా హీ ఏరియా హై సర్" అన్నాడు.

"నీ ఏరియా మధ్యలో కదా?"

"నహీ సర్. వో భీ మేరా హై." అదీ నాదేనంటూ నేల చూపులు చూశాడు.

ఆఖర్లో అలసిపోతున్నావని కోచ్ నిన్ను తీసేయమంటున్నాడు, తెలుసా అన్నాను. తెలుసన్నట్టు తలూపాడు. ఇంకేమైనా చెప్పేదుందా అని అడిగాను. లేదన్నట్టు మళ్ళీ తలూపి, వానలో తడుస్తూ మిగతావాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. తన పేరు పోయినా సరే, నోరు విప్పడని అర్థమైంది.

ఆ సాయంత్రం బట్టల కోసం ఆటో ఎక్కి ఇంటికి వెళ్ళాను. బీగం తీసి లోపల కూర్చున్నాను. ఉప్పుగూడ స్టేషన్ వైపు రైలు పోయింది, కిటికీ రెక్కలు కాసేపు అదిరి ఆగాయి. ఈ మాట ఎవరితోనైనా చెప్పుకోవాలని నాకు చాలా ఉండింది. తోటి సెలెక్టర్లకు ఫోన్ చేశాను. "నువ్వక్కడ ఉన్నవు, నువ్వే చెప్పాలె" అన్నారు. ఆటగాళ్ళతో చెప్పకూడదు. పక్కింటివాళ్ళతో చెబితే తెల్లారేసరికి పురానాపూల్ అంతా తెలుస్తుంది. ఇన్నేళ్ళ ఒంటరి కాపురంలో మొదటిసారి ఇంట్లో ఇంకో మనిషి ఉంటే బాగుండునని గట్టిగా అనిపించింది. సలహా చెప్పడానికి కాదు, విని ఊరుకోవడానికి. బట్టలు మడత పెట్టుకుంటూ గోడకున్న క్యాలెండర్‌తో కాసేపు మాట్లాడి, మళ్ళీ హాలుకే వచ్చేశాను.

ఏమీ చూడనట్టు ఊరుకుంటే సరిపోయేదేమో. కెప్టెన్ కెప్టెన్‌గానే పోతాడు, నాలుగు గల్లీల జనం నన్ను భుజాల మీద మోస్తారు. కానీ టోర్నమెంటులో ఎదుటి జట్టు వాళ్ళకు కూడా పోస్టుల వెనక ఒక మనిషి ఉంటాడు, వాడికి కెమెరా కూడా ఉంటుంది. మొదటి మ్యాచ్ సగంలోనే ఆ సందు కనిపెడతారు. ఆనాడు పాతికవేల మంది ముందు అతను ఎడమకు తిరగలేక నిలబడిపోవడం నేను ఊహించుకోలేకపోయాను. కోచ్‌కు చూసింది చూసినట్టు చెప్పాను. ఆయన కంప్యూటర్ మూత మూశాడు. తర్వాత ఒకే ప్రశ్న అడిగాడు. కెప్టెన్ లేకపోతే పోస్టుల కింద వీళ్ళతో ఎవరు మాట్లాడతారు? నా దగ్గర జవాబు లేదు.

పేర్లు ప్రకటించాల్సింది ఆదివారం సాయంత్రం. ఆ రోజు బోనాలు. ఆటకు సెలవు. పొద్దుటి నుంచీ లాల్‌దర్వాజా వైపు నుంచి డప్పులు వినిపిస్తూనే ఉన్నాయి. చోటు దొరకని మిగతా ఏడుగురికీ కారణాలు చెప్పేసి, ఆఖర్న కెప్టెన్‌ను హాలు వెనక వంటలు చేసే పెరట్లోకి పిలిచాను. పెళ్ళిళ్ళ బిర్యానీ వండే పెద్ద పెద్ద దేగులు బోర్లించి ఉన్నాయి. ఒకదాని మీద అతను, ఒకదాని మీద నేను కూర్చున్నాం.

"లిస్టుల నీ పేరు లేదు" అన్నాను. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది అదే, మొదటి మాటలోనే చెప్పేయాలి.

అతను వేళ్ళకు అంటుకుని ఉన్న ప్లాస్టర్ ముక్క గీక్కున్నాడు. "కారణం చెప్తరంట కద సార్ మీరు. చెప్పుండ్రి."

"ఎడమ పక్కకు తిర్గలేకపోతున్నవు. మోకాలా?"

"మోకాలే సార్. పోయినేడు నుంచి."

"నీ పక్కన సందు పడుతున్నది. ఆ సందుల..." అని ఆగిపోయాను. చిన్నవాడి సంగతి చెప్పాలా వద్దా? చెబితే వాళ్ళు ప్రాణం పెట్టి దాచినదాన్ని నేను బయటపెట్టినట్టు. చెప్పకపోతే కారణం సగమే చెప్పినట్టు.

"ఆ సందుల చిన్నోడు ఉర్కుతున్నడు" అన్నాడు అతనే. "గదే కద సార్, చెప్పలేకపోతున్నరు?"

"నీకెరికేనా?"

"నాకెందుకు ఎరిక లేదు సార్? ఎనుక కాళ్ళ సప్పుడు ఇనవడదా? తొలిరోజు నుంచి ఇనవడ్తనే ఉంది. ఒక్కసారి గూడ మర్లి చూడలే. చూస్తే నాకు తెలిసిందని వానికి తెలుస్తది."

"మరి నువ్వే వచ్చి చెప్పకపోయినవా?"

"దినాం పొద్దుగాల చెప్దామనే లేస్త సార్. బూట్లు ఏసుకున్నంక నోరు రాదు." ప్లాస్టర్ ముక్క ఊడబీకి నేల మీద వేశాడు. "కోచ్ సారు వాన్నే తీసేస్తడేమోనని మస్తు ఫికరైంది. అయినా నోరు రాలే. గిట్లాంటోన్ని కెప్టెన్ అంటరా?"

దేగు మీద చేత్తో ఊరికే కొట్టుకుంటూ కూర్చున్నాను. డప్పులు దగ్గరికొచ్చి మళ్ళీ దూరం పోయాయి.

"ఎవర్ని చేస్తున్నరు?" అని అడిగాడు.

"చిన్నోన్ని. వాడు జరిగితే అందరు జరుగుతున్నరు."

"వాడు మాట్లాడడు సార్. మస్తు సిగ్గు వానికి."

"నీ దిక్కు ఉర్కనీకే ఊపిరి సాలకపాయె. ఇంక మాటలెక్కడికెల్లి వస్తయి?"

ఫక్కున నవ్వాడు. నవ్వి, మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను గోడ వైపు చూశాను.

"ఒక్కటే అడుగుత సార్. నాకు ఎరికైందని వాళ్ళకు చెప్పకుండ్రి. నన్ను కాపాడినం అనుకుంటున్నరు, అనుకోనియ్యుండ్రి. మీరు కావాలని తీసేసిన్రని నాలుగు తిట్లు తిడ్తరు. ఏం గాదు కద?"

"ఏం గాదు" అన్నాను. అబద్ధమాడాను.

హాలు గుమ్మంలో పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు రాసిపెట్టే పలక ఒకటుంది. పేర్ల కాగితం దాని మీదే అంటించాను. వెళ్ళిపోకుండా పక్కనే నిలబడ్డాను. కుర్రాళ్ళు వచ్చి చదివారు. ఒక్కడూ తన పేరు కోసం వెతకలేదు, అందరి వేళ్ళూ ఒకే పేరు కోసం వెతికాయి. చిన్నవాడు తన పేరు పక్కన కెప్టెన్ అన్న మాట చూసి నా వైపు తిరిగాడు. మాట్లాడడని పేరుపడ్డవాడు మొదటిసారి గట్టిగా మాట్లాడింది నాతోనే.

"ఆప్‌నే క్యా దేఖా సర్?" అన్నాడు. "ఆప్ కభీ ఖేలే భీ హై?"

ఆడానని చెప్పలేదు. చూసింది కూడా చెప్పలేదు. వాడి కళ్ళలో నీళ్ళు చూసి, ఇంత చక్కగా దాచాం కదా, అయినా ఈ గుడ్డివాడు అన్యాయం చేశాడే అని వాడు కుమిలిపోతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. వాళ్ళు దాచింది కెప్టెన్‌కు తెలుసని వాళ్ళకు తెలియదు. కెప్టెన్ కాక రెండూ తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. అంతమంది మధ్య అంత ఒంటరితనం నాకు అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

టోర్నమెంటులో ఏమైందని మీరు అడుగుతారు. పతకం రాలేదు. రెండు గెలిచారు, మిగతావి ఓడారు. నేను ఇంట్లో ఫోన్‌లో చూశాను. మొదటి మ్యాచ్‌లో ఎదుటివాళ్ళు స్కోరు చేయగానే మనవాళ్ళు పోస్టుల కిందికి చేరారు. చిన్నవాడు ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. బంతి జారవిడిచినవాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని లేసు విప్పి కట్టాడు. కోచ్ అడిగిన ప్రశ్నకు నా దగ్గర లేని జవాబు అది. ఒక్కణ్ణే కూర్చుని చప్పట్లు కొట్టాను.

పాత కెప్టెన్ ఇప్పుడు పురానాపూల్ దగ్గర పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. మొన్న కలిసినప్పుడు, "ఇంక రాసుకోండ్రి సార్, ఎన్నొద్దులు మోస్తరు" అన్నాడు. అందుకే రాశాను. చిన్నవాడు ఎదురుపడితే నమస్కారం పెట్టడు, తల తిప్పుకుంటాడు. ఇది ఎవరైనా చదివి వినిపిస్తే ఏమంటాడో తెలియదు.

ఆదివారం సాయంత్రం భోజనం సంగతి మాత్రం మిగిలింది. బగారా అన్నం, అందులోకి దాల్చా పులుసు చేశారు. కింద బల్లల దగ్గర గరిటె చప్పుడు తప్ప ఏమీ లేదు. అందరూ కెప్టెన్ చుట్టూ చేరి కూర్చున్నారు, ఎవరూ వేదిక వైపు చూడటం లేదు. నేను పెళ్ళికొడుకు కుర్చీలో కంచం పెట్టుకుని, ముద్ద దిగక, లేచిపోతే బాగుండదని కూర్చున్నాను.

కెప్టెన్ కంచం పట్టుకుని లేచాడు. ఆ మోకాలితో ఒక్కో మెట్టూ ఎక్కి వేదిక మీదికి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఆటగాళ్ళు సెలెక్టర్‌తోని తినొద్దు. గంతే కద సార్ రూలు?"

"గంతే."

"మరి నేనిప్పుడు ఆటగాన్ని గాదు కద" అని, పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. ఆ బరువుకు మఖమల్ సింహాసనం కిర్రుమంది.

జగ్గుతో వచ్చిన వాచ్‌మన్ మెట్ల దగ్గర ఆగిపోయాడు. రోజూ అడిగేది ఆ పూట అడగలేదు. కెప్టెనే పిలిచాడు. "ఏం చాచా, దినాం అడుగుతుంటివి కద, దుల్హన్ కిధర్ హై అని? ఆగయీ దుల్హన్. పానీ పిలావ్."

కింద ఎవడో కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు నవ్వాడు. చిన్నవాడు నవ్వలేదు గానీ తలెత్తి మా ఇద్దరి వైపూ చూశాడు. ముసలాయన రెండు గ్లాసుల నిండా నీళ్ళు పోసి దిగిపోయాడు. నా కంచంలో దాల్చా లేకపోవడం చూసి కెప్టెన్ తన గిన్నెలోది సగం నాకు వంపాడు. నేను వద్దనలేదు. ఆ శిబిరంలో నేను కడుపునిండా తిన్నది ఆ ఒక్క పూటే.